ఆశమ్మ మీద నేనేసిన వేలిముద్ర

మా వాడకట్టు ఆశమ్మ పోయింది. బుధవారం పొద్దుగాల నేను బీడీల చాట ముంగటేసుకొని కూసున్న. పక్కింటి కోడలు గోడ మీదికెళ్లి తొంగిచూసి, "పెద్దవ్వా, ఆశమ్మకు గుండెల నొప్పి లేసిందట. జగిత్యాలకు కొంటవోతుంటె తొవ్వలనే పానం పోయిందట" అన్నది. నా చేతిల సగం చుట్టిన బీడీ ఉండె. దాన్ని పూర్తిగ చుట్టిన, దారం కట్టిన, చాటల వేసిన. అటెనకనే లేసిన. ఎందుకు గట్ల చేసిన్నో నాకే తెల్వది.

ఆశ వర్కర్ అంటె మీకందరికి ఎరుకనే. ఇంటింటికి తిరిగి కడుపుతోని ఉన్నోళ్లను, పసిపిల్లలను రాసుకొని, సూదుల దినం యాది చేసి, దవాఖానకు తోలుకపోయే ఆడమనిషి. మేం ఆశమ్మ అంటం. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నది. అది నేను చెప్ప. మేం పిలిచింది గీ పేరుతోనే, ఆమె పలికింది గీ పేరుకే.

నాకు చదువు రాదు. నేను చెప్తున్న, డిగ్రీ చదివే నా మనుమరాలు రాస్తున్నది. ఎందుకు రాయిస్తున్ననంటె, కోరుట్లల మా వాడకట్టు మూల మీద ఇప్పుడు ఆశమ్మ ఫోటోతోని పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. 'కరోనా యోధురాలు' అని రాసి ఉన్నదట, మనుమరాలు చదివి చెప్పింది. గా ఫ్లెక్సీ కట్టినోళ్లే కరోనప్పుడు ఆమె మీద ఒక కాయితం రాసిన్రు. దాని మీద వేలిముద్ర వేసినోళ్లల్ల నేనొకదాన్ని. ఆ కాయితం ఏదో ఆఫీసు బీరువల ఇంకా ఉండే ఉంటది. అది అబద్ధం. రేపు ఎవలన్న తీసి చూస్తె, ఒక పసిపిల్ల సావుకు ఆశమ్మనే కారణమని చదువుకుంటరు. మనిషి ఉన్నన్ని దినాలు నేను నోరు తెరవలే. ఇప్పుడన్న తెరవకపోతె ఆ అబద్ధమే నిలుస్తది.

ఆమె నడుస్తుంటె ఎనక నుంచి ఎవలో తరుముతున్నట్టే ఉండేది. రిజిస్టరు వానకు తడువకుండ యూరియా సంచి కత్తిరించి తొడుగు కుట్టుకున్నది. పెన్ను కొప్పుల చెక్కుకునేది. చెక్కుకొని మర్చిపోయి, నా అరుగంత ఎదికేది. "నెత్తి తడుముకోవే" అంటె నాలుక కరుసుకునేది. కూసోమంటె కూసోదు, నిలవడే నీళ్లు తాగేది. "కూసుంటె నీ ముచ్చట్ల పడ్త పెద్దవ్వా, ఇంకా పన్నెండు ఇండ్లున్నయి" అనేది.

మొదట్ల మా ఇద్దరికి పడేది కాదు. నా కోడలు బాలింతగ ఉన్నప్పుడు ఇంట్లకు వచ్చి, పొగాకు చాట పక్కన పసిదాన్ని పండవెట్టినమని లొల్లి చేసింది.

"అది తుమ్ముడు నీకు ఇనవడ్తలేదా పెద్దవ్వా?"

"నా పిల్లలు నలుగురు గీ చాట పక్కనే పెరిగిన్రు, పోవే."

"పెరిగిన్రు. నలుగురు దగ్గుకుంటనే పెరిగిన్రు."

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది తిట్టిన. కాని ఆ మాపటికే ఊయల లోపటి అర్రలకు మారింది. ఆ ఊయలల పిల్లనే ఇప్పుడు నా మాటలు రాస్తున్నది. గీ మాట కాడ పెన్ను ఆపింది, రాయి బిడ్డా అన్న.

సూదుల దినం పిల్లలు ఏడుస్తుంటె తల్లులు పరేషాన్ అయ్యేది. ఆశమ్మ నవ్వేది. "ఏడ్సే పిల్లతోని నాకు భయం లేదు. సూది గుచ్చినా ఏడ్వని పిల్లను చూస్తేనే భయం" అనేది. గా మాట చానసార్లు ఇన్న, అర్థం మాత్రం ఎనక తెలిసింది.

మా వాడకట్టు చివరి ఇల్లు దాటితె చెల్క, చెల్క దాటితె ఇటుక బట్టీ. దసరా పోయినంక ఒడిషా నుంచి జనం దిగుతరు. మొగుడు, పెండ్లాం, పిల్లలు, అందరు. వానలు పడేదాక ఉంటరు. ఇటుకలు పేర్చి మీద రేకు కప్పుకుంటరు, లోపటికి వంగి పోవాలె. పిల్లల వెంట్రుకలకు, కనురెప్పలకు ఎర్రటి దుమ్ము. మేం వాళ్లను ఒడిషోళ్లు అంటం. ఏండ్లకేండ్లు మా ఇంటి ముంగటికెళ్లే నీళ్లకు పోయిన్రు గని, ఒక్కలి పేరు మాకు తెల్వకపోయె.

ఆశమ్మ రిజిస్టరు మా చివరి ఇంటి నంబరు కాడ ఆగిపోతది. బట్టీ గుడిసెలకు నంబరు లేదు. నంబరు లేకుంటె ఆ ఇంట్ల పిల్ల లేనట్టే. గందుకని తన బిడ్డ సగం రాసి ఇడిసిపెట్టిన నోటుబుక్కు ఒకటి తీసుకొని, బట్టీ పిల్లల పేర్లు దాంట్ల రాసుకున్నది. వాళ్ల భాషల పిల్లలను 'పిలా' అంటరట. గా ఒక్క మాట నేర్సుకొని, గుడిసె గుడిసె ముంగట వంగి "పిలా? పిలా?" అని అడుక్కుంట తిరిగేది. వాళ్లు నవ్వేది.

సూదులు శనివారం, అంగన్వాడిల. వేసేది నర్సు, పిల్లలను పోగుజేసేది ఆశమ్మ. తట్టు రాకుండ వేసే మందు ఒక్క సీసల చానమంది పిల్లలకు సరిపోను ఉంటది. మూత తీసినంక కొన్ని గంటలే పనిచేస్తది, మిగిలింది పారవోసుడే. మా పిల్లలు నలుగురైదుగురు అయినంక సీసల ఇంకా మందు ఉండేది. గా మిగిలే మందు కోసం ఆమె బట్టీ పిల్లలను తోలుకచ్చి అంగన్వాడి వాకిట్ల ఎండకు కూసోవెట్టేది. ముందుగాల మావోళ్లు, ఆఖరుకు వాళ్లు. మా పిల్లల చేతులు మా కోడండ్లు పట్టుకునేది. బట్టీ తల్లులు పని ఇడిసి రాలేరు, వాళ్ల పిల్లల చేతులు ఆశమ్మ పట్టుకునేది.

"నీకెందుకే గీ తిప్పలు? నీ లెక్కల లేరు కద వాళ్లు" అని ఒకసారి అన్న.

"నా లెక్కల లేరు. నా తొవ్వల ఉన్నరు, ఏంజేద్దును" అన్నది.

గంతల కరోనా వచ్చింది. బస్సులు బంద్, రైళ్లు బంద్. బట్టీల పని ఆగిపోయింది, ఇంటికి పోదామంటె వాళ్లకు తొవ్వ లేదు. మా మొగోళ్లు వాడకట్టుకు నాలుగు దిక్కుల ముండ్లకంప అడ్డమేసిన్రు. బట్టీ దిక్కు కంపకు నేను కావలి. ఎవలు చెప్పలే. నేనే కుర్చీ ఏసుకొని, కట్టె పట్టుకొని కూసున్న. రోగం బయటి నుంచి వస్తదని టీవీల చెప్తుండె. బయట అంటె మాకు బట్టీనే కనవడ్డది. అప్పటికి పది దినాల కింద దుబాయి నుంచి దిగినోళ్లు మా వాడకట్టుల ఇద్దరు ఉండె. వాళ్లకు కంప అడ్డం రాలే. బట్టీవాళ్లు దసరా నుంచి మా వాడకట్టు దాటి ఎటూ పోలే. గిది ఇప్పుడు చెప్తున్న. అప్పుడు నా బుర్రకు తట్టలే.

కొన్ని వారాలు సూదులు బంద్ అయి మళ్ల మొదలైనయి. గా శనివారం ఆశమ్మ పొద్దున్నే చెల్కలకెళ్లి బట్టీకి పోయి, ఆరుగురు పిల్లలను ఎంటవెట్టుకొని కంప అవతల నిలవడ్డది. ఒకలి అంగి ఒకలు పట్టుకొని వరుసగ ఉన్నరు. ఆమె చంకల రెండేండ్లు నిండని పోరి. రింకి దాని పేరు. అందరి మూతులకు తన పాత చీర చింపి గుడ్డలు కట్టింది.

"పెద్దవ్వా, జర కంప జరుపు. ఇయ్యాల సీస తెరుస్తరు."

"నువ్వు రా. వాళ్లు రావద్దు."

"నేనొచ్చి ఏంజేత్త? సూది నాకా?"

"నర్సునే అక్కడికి తోలుకపో."

"అడిగిన. బట్టీ సూదులేసే జాగ కాదట, మందుపెట్టె అంగన్వాడి దాటొద్దట."

"గట్లయితె కరోనా పోనియ్యి, అప్పుడు చూద్దాం."

"తట్టు అప్పటిదాక ఆగుతదా? దానికేమన్న చెప్పొచ్చినవా?"

నేను కట్టె నేలకేసి కొట్టిన. పిల్లలు బెదిరిన్రు. అప్పుడామె ఒక మాట అన్నది. "పెద్దవ్వా, నువ్వు పుట్టింది బీవండిల కద?"

అవును. మా అమ్మానాయినలది సిరిసిల్ల. మగ్గాల పని దొరుకక బీవండికి పోయిన్రు, నేను అక్కడ పుట్టిన. ఒక రేకుల అర్రల రెండిండ్లోళ్లం ఉండేది. గా ముచ్చట ఆమెకు నేనే చెప్పిన, బీపీ గోలీలు ఇయ్యవచ్చిననాడు.

"మీ అమ్మ నిన్ను కడుపుల మోసుకుంట పోయిననాడు అక్కడోళ్లు గిట్లనే కంప వేస్తె నువ్వుందువా ఇయ్యాల?"

"నా ముచ్చట తియ్యకు. మా అయ్య మగ్గం నడిపిండు, మట్టి తొక్కలే" అన్న.

గా మాట అన్నది నేనే. మనుమరాలు రాయనంటె రాయమన్న.

ఆశమ్మ పిల్లను ఒళ్లె పెట్టుకొని కంప అవతల నేల మీద కూసున్నది. మా ఇంట్ల పీట వేసినా కూసోని మనిషి. ఎండ నెత్తికెక్కేదాక గట్లనే కూసున్నది. అటెనక లేసి, పిల్లలను మళ్ల బట్టీకి తోలుకపోయింది. గా దినం భయానికి మా పిల్లలు గూడ ఇద్దరే పోయిన్రట. ఇద్దరి కోసం సీస తెరవద్దని పెట్టె మూసుకొని పోయిన్రు. బట్టీ పిల్లలు కలిస్తె తెరుస్తుండె. నా కంప మా పిల్లలకు గూడ సూది పడనియ్యలే.

మూడు వారాలకు రింకికి జ్వరమొచ్చి ఒళ్లంత ఎర్రగ పేలింది. పగటిపూట దాని తల్లి పిల్లను ఎత్తుకొని కంప కాడికి వచ్చింది. నేనే కనవడ్డ కద అక్కడ. దూరం నుంచే చూసిన. అమ్మతల్లి పోసింది అనుకున్న. ఆమెకు తెలుగు రాదు. చేతులు జోడించి చూపించిన, దండం పెట్టుకో అని. యాపరొట్ట కోసి కంప మీదికెళ్లి ఇసిరిన, పక్కకింద పరుచు అని సైగ చేసిన. దవాఖాన దిక్కు చెయ్యి చూపి వద్దు వద్దు అని తల ఊపిన. ఆమెకు గా సైగలన్ని మంచిగ అర్థమైనయి. నా కాళ్లకు మొక్కుతున్నట్టు వంగి, రొట్ట తీసుకొని పోయింది.

మాపటికి ఆశమ్మ ఉరికొచ్చింది. "ఆ తల్లి పిల్లను ఇడుస్తలేదు. నీ దిక్కు చెయ్యి చూపిస్తున్నది. పెద్దవ్వా, నువ్వు చెప్తేనే ఇంటది. దవాఖానకు పంపు అని ఒక్క సైగ చెయ్యి."

"అమ్మతల్లి ఇంట్ల ఉండంగ గడప దాటిస్తరా? మన పిల్లలకు గట్ల చేస్తమా?"

చేసినం. నేనన్నది అబద్ధం. నా మనుమరాలికి తట్టు పోసినప్పుడు యాపాకు పరిచిన, డాక్టరు ఇచ్చిన మందు గూడ తాపిన. రెండూ చేసిన. ఆ పిల్లకు మాత్రం యాపాకు ఒక్కటే ఇసిరిన.

రెండు దినాలకు పిల్లకు దమ్ము ఎగవోసుడు మొదలైంది. ఆశమ్మ ఇగ ఎవలిని అడగలే. పిల్లను భుజాన ఏసుకొని, తల్లిని ఎంటవెట్టుకొని, కంప తగలకుండ పొలం గట్ల మీదికెళ్లి పెద్ద రోడ్డు దాక నడిసింది. అక్కడ కూరగాయల ఆటో ఒకటి దొరికింది. మొదలు పోయిన దవాఖానల, ఏ దవాఖానో నేను చెప్ప, వాకిట్లనే ఆపిన్రట. జ్వరం, దగ్గు ఉన్నది కాబట్టి కరోనా పరీక్ష అయ్యేదాక లోపటికి వద్దన్నరు. ఎక్కడి పిల్ల, కార్డేది, ఇంటి నంబరేది అని అడిగిన్రు. ఆ తల్లి చెప్పేది వాళ్లకు తెల్వది, వాళ్లు అడిగేది ఆ తల్లికి తెల్వది. నడుమ ఆశమ్మ. మాపటిదాక చెట్టు కింద ఉన్నరు. రెండో దవాఖానల తీసుకున్నరు. అప్పటికి నిమ్ము రెండు దిక్కుల పట్టిందన్నరు. తెల్లారి పగటీలి పిల్ల పోయింది.

"సూది గుచ్చితె ఏడ్వలే పెద్దవ్వా" అని నాతోని అన్నది, చానొద్దులకు.

పసిపిల్ల పోయిందని పైనుంచి అడగవచ్చిన్రు. తట్టు సూది ఎందుకు పడలేదు, ఎవలి తప్పు అని. కంప ముచ్చట బయటవడ్తె వాడకట్టుకు మాట వస్తదని మా పెద్దమనుషులకు భయం. కాయితం రాసిన్రు. 'ఆశ వర్కర్ బట్టీ దిక్కు ఎన్నడు పోలేదు, పిల్లలను సూదికి పిలువలేదు' అని. నలుగురి నడుమ చదివిన్రు. జల్ది జల్ది చదివిన్రు. సిరా పెట్టె నా ముంగట పెట్టిన్రు. నాకు అర్థం కాలేదని ఇప్పుడు అబద్ధం చెప్ప. సగం అర్థమైంది. మిగతా సగం ఏందని నేను అడగలే. వేలు ముంచిన, ఒత్తిన.

ఆమెను రెండు నెలలు డ్యూటీకి రావద్దన్నరు. ఆమె ఒక్క మాట గూడ కంప గురించి చెప్పలే. చెప్తె నా పేరే ముందు వస్తుండె. రెండు నెలలు అయినంక మళ్ల యూరియా సంచి తొడుగు పట్టుకొని వచ్చి నా ముంగట నిలవడి, "బీపీ గోలీలు అయిపోయినయా పెద్దవ్వా?" అన్నది. నేను ఏడ్సిన. "నీ మీద వేలిముద్ర ఏసిన బిడ్డా" అన్న.

"తెలుసు. చదివి చూపించిన్రు. మూడో పేరు నీది."

"మరి వచ్చి నన్నెందుకు తిట్టలే?"

"తిడ్తె నువ్వు తలుపేసుకుంటవ్. గోలీలు ఎవలిస్తరు? నీకు బీపీ ఎక్కితె గా కాయితం గూడ నా మీదనే రాస్తరు" అని నవ్వింది. నేను గూడ ఏడ్సుకుంట నవ్విన.

అప్పుడు నాకొక పని చెప్పింది. "చదువు రాకున్నా నీకు చెయ్యి లెక్క వస్తది కద. శనివారం అరుగు మీద కూసో. బట్టీ పిల్లలు ఎంతమంది పోయిన్రు, ఎంతమంది మళ్లిన్రు చూడు. తక్కువైతె నాకు చెప్పు." గా దినం నుంచి చూసిన. ఒక్కో పిల్లకు ఒక్కో తునికాకు పక్కకు పెట్టేది, మళ్లొచ్చినప్పుడు తీసేది. ఆకు మిగిలితె ఆమెకు చెప్పేది, ఆమె పోయి చూసొచ్చేది. ఒకసారి ఆకు మిగిలింది, ఒక పిల్లగాడు అంగన్వాడి కాడ గుడ్డు తినుకుంట కూసున్నందుకు. "నీ ఆకు గుడ్డు తింటున్నది పెద్దవ్వా" అని అరుసుకుంట వచ్చింది.

ఇప్పుడు కొత్తగ వచ్చిన ఆశ మంచి పిల్లనే. తప్పు పట్ట. ఆమెకు ఇచ్చిన రిజిస్టరు మళ్ల మా చివరి ఇంటి కాడనే ఆగిపోయింది. ఆశమ్మ నోటుబుక్కు ఎవలకు అప్పజెప్పాల్నో ఆమె ఇంటోళ్లకు తెల్వక బియ్యం డబ్బా మీద పెట్టుకున్నరు. గీ యేడు బట్టీల పద్నాలుగు మంది పిల్లలున్నరు. ఆశమ్మ పోయినంక వచ్చిన మొదటి శనివారం ఒక్కరు గూడ మా ముంగటికెళ్లి పోలే. నేను ఆకులు పక్కన పెట్టుకొని కూసున్న, ఒక్కటి గూడ కదలలే.

గందుకని నేను చెప్పేది రెండే. గా కాయితం మీద నా వేలిముద్ర అబద్ధం. ఆశమ్మ బట్టీకి పోయింది, పిల్లలను తోలుకచ్చింది, కంప వేసి ఆపింది మేం. మళ్ల రాసుకోండ్రి, ఎవలొచ్చి అడిగినా చెప్త. ఇంకొకటి, బట్టీ గుడిసెలకు నంబర్లు ఏసి పిల్లలను రిజిస్టరుల ఎక్కియ్యిండ్రి. ఆశమ్మ లాంటిది మళ్ల పుడుతదని చూసుకుంట కూసుంటె పిల్లలు ఆగరు.

పదకొండో దినం ఆమె ఇంటి ముంగట టెంటు వేసిన్రు. వాడకట్టంత ఉన్నది. పెద్దమనుషులు ఒకలెనక ఒకలు లేసి ఆమె ఎంత గొప్పదో చెప్తున్నరు. అప్పుడు బట్టీ నుంచి ఆడోళ్లు ఐదారుగురు వచ్చిన్రు. ఎవలు పిలువలే. టెంటు కిందికి రాలే, ఎండలనే నిలవడ్డరు. ఒకామె చంకల ఏడాది పిల్ల ఉన్నది. నేను లేసి, లోపటికి రాండ్రి అని చెయ్యి ఊపిన. ఆమె రెండడుగులు ముంగటికి వేసింది.

పిల్ల దగ్గింది.

ముందు వరుసల ఉన్న ఆడోళ్లందరి చేతులు కొంగుల మీదికి పోయినయి, కొంగులు ముక్కుల మీదికి పోయినయి. నా చెయ్యి గూడ పోయింది. నేను పంపలే, అదే పోయింది. ఆ తల్లి మమ్ముల చూసింది. పిల్ల మొకాన్ని తన భుజానికి గట్టిగ అదుముకొని, ఒక్కో అడుగు ఎనకకు వేసుకుంట పోయి మళ్ల ఎండల నిలవడ్డది. దగ్గు ఇనవడ్తలేదు. పిల్ల వీపు మాత్రం ఎగిరెగిరి పడుతనే ఉన్నది.